ఎస్ లేని క్రియ

న్యూఫౌండ్లాండ్‌లో ఫిబ్రవరి అంటే
సిరాబుడ్డిలో కూడా మంచే.
మిస్ విన్నిఫ్రెడ్ పెల్లీ బడికి రాగానే
ఎర్రసిరా సీసాని పొయ్యి అంచున పెడుతుంది.
పిల్లలు తలా ఒక కట్టె తెచ్చి మూల పడేస్తారు.
తడిసిన చేతి తొడుగులు పొయ్యి చుట్టూ వేలాడి
గొర్రెవాసన కొడుతుంటాయి.
అప్పుడు వ్యాకరణం.

పదకొండు మంది పిల్లలు, ఒకటే గది.
నల్లబల్ల మీద సుద్దతో: నేను పక్షినైతే.
"'నేను'కి ఎప్పుడూ 'వాజ్' కదా," అంది మిస్,
"ఇక్కడ మాత్రం 'వర్'. ఎందుకని?"
ఎవరికీ తెలీదు.
"ఎందుకంటే నేను పక్షిని కాను.
కానిదాన్నీ లేనిదాన్నీ చెప్పేటప్పుడు
క్రియ వేషం మార్చుకుంటుంది."
వెనక వరసలో సైలస్ స్నూక్ రెక్కలాడించాడు.
అందరూ నవ్వారు.
ఎఫీ కీపింగ్ నవ్వలేదు, రాసుకుంది.

మన తెలుగులో ఈ పేచీ లేదు.
'ఉంటే' అంటాం, ఊరుకుంటాం.
ఉన్నవాడికీ లేనివాడికీ
ఆ మాట ఒకే పీట వేస్తుంది.
ఇంగ్లీషు గుమ్మంలోనే నిలేసి అడుగుతుంది:
ఉన్నట్టా, లేనట్టా?

ఆ వారం వ్యాసం, 'శనివారం మా ఇంట్లో'.
ఎఫీ రాసింది:
అమ్మ బట్టలు ఉతుకుతుంది. మేక తాడు తెంచుకుంటుంది.
తమ్ముడు వాతావరణం వార్తల కోసం
రేడియోకి చెవి ఆనించి కూర్చుంటాడు.
నాన్న బతికి ఉంటే శనివారానికల్లా వచ్చేస్తాడు.
ఆ 'ఉంటే' దగ్గర 'వాజ్' పెట్టింది.

పడవ కనబడక అప్పటికి పందొమ్మిది రోజులు.

రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర
ఎనిమిదో పుస్తకమో, తొమ్మిదోదో,
మిస్ పెల్లీ చెయ్యి దానంతటదే కదిలింది.
'వాజ్' కొట్టేసి 'వర్'.
'వచ్చేస్తాడు' కొట్టేసి 'వచ్చేసేవాడు'.
పక్కన ఒక టిక్కు కూడా.

పొద్దున ఎఫీ పుస్తకం పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది.
ఏడవలేదు.
కూడిక ఎక్కడ తప్పిందో కనుక్కునే గొంతుతో అడిగింది:
"మిస్, 'వర్' అంటే లేడని కదా?
మీకెవరు చెప్పారు?"

పొయ్యిలో కట్టె చిటపటమంది.
ఏ ఓడకీ, ఏ దీపస్తంభానికీ
ఇంకా తెలియని సంగతిని
రెండక్షరాల్లో తేల్చేసిన చెయ్యి
గౌను జేబులోకి పోయి దాక్కుంది.
ఎర్రసిరా చెరగదు. రబ్బరుతో రుద్దితే కాగితం చిరుగుతుంది.
చివరికి పెన్సిలు తీసి
తన దిద్దుబాటునే కొట్టేసి
పైన సన్నగా రాసింది: 'ఈజ్'.
"తెలియనప్పుడు ఇలా రాయాలి," అంది.
"తప్పు నాది."
ఆ బడిలో ఆ మాట వినబడటం అదే మొదలు.

శనివారం వచ్చింది. ఇంకో శనివారం వచ్చింది.
ఏప్రిల్లో మంచు కదిలాక
పక్క రేవులో ఒక తెడ్డు దొరికింది,
పిడి మీద చాకుతో చెక్కిన రెండు పొడి అక్షరాలు.

చర్చిలో, శవపేటిక లేని ప్రార్థన.
గాడ్ రెస్ట్ హిజ్ సోల్, అన్నాడు పాదిరీ.
అమ్మ తల దించింది.
ఎఫీ తల ఎత్తింది.
దేవుడు ఒక్కడే. ఒక్కడైతే క్రియ చివర ఎస్ రావాలి.
'రెస్ట్స్' అనాలి.
వెనక్కి తిరిగి చూసింది.
రెండు వరసల అవతల మిస్ పెల్లీ
దిద్దలేదు.
కళ్ళు మూసుకుని తనూ అలాగే అంది, ఎస్ లేకుండా.

ఎస్ ఉంటే అయిపోయినట్టు.
లేకపోతే ఇంకా కావాల్సినట్టు.
మనం 'గాక' అని చేతులు జోడించే చోట
వాళ్ళు ఒక అక్షరం తీసేసి
ఆ ఖాళీలో నిలబడతారు.

ఇంటికొచ్చాక అమ్మ
మేకుకున్న నాన్న కోటు తియ్యబోతే
ఎఫీ అడ్డం నిలబడింది:
"ఇంకా ఎస్ పెట్టలేదమ్మా."
అమ్మకి ఏమీ అర్థం కాలేదు.
కోటు మాత్రం అక్కడే వదిలేసింది.